బీపీకీ హార్మోన్లకీ సంబంధం ఏమిటి? టెల్మిసార్టన్ వాడుతున్న అమ్మగారి గురించి అడిగినవారికి

మీరు పర్లాకిమిడి నుంచి రాశారు. అమ్మగారికి 58 ఏళ్లు. బీపీకి మొదట రామిప్రిల్ రాశారు, పొడి దగ్గు పట్టుకుంటే దాన్ని ఆపి టెల్మిసార్టన్ 40 ఇచ్చారు. "ఇది హార్మోన్ మీద పనిచేసే మందు" అని డాక్టరు గారు అనేసరికి మీకు భయం పట్టుకుంది. హార్మోన్ అంటే థైరాయిడ్, షుగర్ అనుకున్నాం, బీపీకి హార్మోన్ ఏమిటి? హార్మోన్ పరీక్షలు చేయించాలా? నాన్నగారికీ బీపీ ఉంది కదా, ఇదే మాత్ర ఆయనకీ ఇవ్వొచ్చా? ఇవీ మీరు అడిగినవి.

ముందు సూటిగా జవాబు. బీపీని గడియ గడియకీ, రోజు రోజుకీ సర్దిపెట్టే పనిలో పెప్టైడ్ హార్మోన్లకు పెద్ద భాగమే ఉంది. యాంజియోటెన్సిన్ 2, వాసోప్రెసిన్ పెంచేవి. గుండె నుంచి వచ్చే ఏఎన్‌పీ, బీఎన్‌పీ తగ్గించేవి. అమ్మగారి మాత్రలో హార్మోన్ ఏదీ లేదు. ఒంట్లో తయారయ్యే యాంజియోటెన్సిన్ 2 తన పని చేయకుండా అది అడ్డుకుంటుంది. కాబట్టి భయపడి మాత్ర ఆపకండి. హార్మోన్ పరీక్షలకు తొందరేమీ లేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, దానితో పాటు పొటాషియం, ఈ రెండు రక్తపరీక్షలు మాత్రం తప్పకుండా చేయించండి. నాన్నగారికి ఈ మాత్ర మీ అంతట మీరు ఇవ్వొద్దు.

ఇక వివరంగా చెప్తాను. నేను బరంపురంలో జనరల్ మెడిసిన్ డాక్టరుని. గంజాం, గజపతి జిల్లాల వాళ్లతో పాటు సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి కూడా జనం వస్తారు. "హార్మోన్ మందు" అన్న మాట వినగానే ఒళ్లు వచ్చేస్తుందేమో, అలవాటైపోతుందేమో అని మాత్ర మానేసి, ఆరు నెలల తర్వాత మూతి వంకర పోయి పక్షవాతంతో వచ్చినవాళ్లని చూశాను. అందుకే ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన చిన్న గొలుసు. మీకు బాగా తెలిసిన ఇన్సులిన్ కూడా పెప్టైడ్ హార్మోనే. ఇన్సులిన్‌ని సూదితోనే ఎందుకు ఇస్తారో తెలుసు కదా, మింగితే కడుపులో అన్నంలోని పప్పుతో పాటే అదీ అరిగిపోతుంది. బీపీ మాత్రలు నోటితో మింగుతున్నాం అంటేనే అవి ఈ హార్మోన్లు కావు. హార్మోన్ని తయారు చేసే ఎంజైముకో, అది వెళ్లి కూర్చునే రిసెప్టారుకో అడ్డుపడే చిన్న రసాయనాలు అవి.

అసలు కథ కిడ్నీలో మొదలవుతుంది. 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ నుంచి తీసిన రసాన్ని వేరే కుందేళ్లకు ఎక్కిస్తే వాటి బీపీ పెరిగింది. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. తర్వాత చాలా ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీకి వెళ్లే ధమనిని క్లిప్పుతో కొంచెం నొక్కి ఉంచితే, వాటికి బీపీ పెరిగి అలాగే నిలిచిపోయింది. కిడ్నీకి రక్తం తగ్గిందని అనిపిస్తే అది ఒళ్లంతటి బీపీని పెంచగలదని అప్పుడు గట్టిగా తేలింది.

ఇప్పుడు మనకు తెలిసింది ఇది. కిడ్నీలోకి రక్తం వచ్చే సన్న ధమని గోడలో కొన్ని ప్రత్యేక కణాలుంటాయి. మూడు సందర్భాల్లో అవి రెనిన్ వదులుతాయి: అక్కడ రక్తపు ఒత్తిడి తగ్గినప్పుడు, కిడ్నీ గొట్టాల్లో పారే ద్రవంలో ఉప్పు తగ్గినప్పుడు, ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నరాలు తొందర పెట్టినప్పుడు. రెనిన్ స్వయంగా హార్మోన్ కాదు, ఎంజైమ్. కాలేయం తయారు చేసి రక్తంలోకి వదిలే యాంజియోటెన్సినోజెన్ అనే పెద్ద ప్రోటీన్‌లోంచి అది పది అమైనో ఆమ్లాల ముక్కను కోస్తుంది. అదే యాంజియోటెన్సిన్ 1. దానికి బలం దాదాపు లేదు. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరమీద ఉండే ఏసీఈ అనే ఇంకో ఎంజైమ్ దాని చివర నుంచి రెండు తీసేస్తుంది. మిగిలిన ఎనిమిదింటి గొలుసే యాంజియోటెన్సిన్ 2. ఒంట్లో రక్తనాళాల్ని బిగించే వాటిలో ఇది చాలా బలమైనది. రక్తంలో ఎక్కువసేపు నిలవదు, నిమిషం అటూ ఇటూగా విరిగిపోతుంది. కానీ ఆ కాస్సేపట్లోనే అది చేసే పనులు చూడండి.

రక్తనాళాల్ని బిగిస్తుంది, బీపీ వెంటనే లేస్తుంది. కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథికి వెళ్లి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ పెప్టైడ్ కాదు, స్టెరాయిడ్. అది గంటల మీద, రోజుల మీద కిడ్నీ చేత ఉప్పు పట్టి ఉంచేలా చేస్తుంది, ఉప్పు వెంట నీరూ నిలుస్తుంది. మెదడులో దాహం పుట్టిస్తుంది. వాసోప్రెసిన్ని పిలుస్తుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే గుండె కండనీ రక్తనాళాల గోడల్నీ మందం చేస్తుంది. టెల్మిసార్టన్ లాంటి మందుల్ని గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్లకు అంత ఇష్టంగా ఎందుకు రాస్తామంటే ఈ ఆఖరి కారణానికి.

ఒక మాట మనసులో పెట్టుకోండి. యాంజియోటెన్సిన్ మన ఒంటికి శత్రువు కాదు. రక్తం పోయినప్పుడు, ఎండకు ఒళ్లు ఎండిపోయినప్పుడు, వాంతులూ విరేచనాలూ అయినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. ఉప్పూ నీళ్లూ దొరకని రోజుల కోసం ఏర్పడిన కాపుదల అది. ఈ రోజుల్లో మనకు ఉప్పు కరువు లేదు, నీళ్ల కరువూ లేదు, అయినా ఆ కాపుదల చాలామందిలో తగ్గాల్సినంత తగ్గదు, అక్కడే ఇబ్బంది. మాత్ర వేసుకున్నామంటే ఆ కాపుదలని కావాలనే కొంత కట్టేశామన్నమాట. మామూలు రోజుల్లో దానివల్ల మేలే. ఒంట్లో నీరు పోయిన రోజున అదే ప్రమాదం.

గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లి పనిచేసేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. అలాంటి ఒకాయన ఠాకురాణీ యాత్రకి ఇంటికొస్తూ రైల్లో విరేచనాలు పట్టుకుని, నీళ్లు సరిగ్గా తాగక, దిగాక కాళ్లు పీకుతున్నాయని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకున్నాడు. బీపీ మాత్ర మాత్రం ఒక్కపూట మానలేదు. అది టెల్మిసార్టన్, నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. నా దగ్గరికి తెచ్చేసరికి పై బీపీ 80. ఒక పూటంతా మూత్రం లేదు. క్రియాటినిన్ 3 దాటింది.

ఏం జరిగిందంటే: రక్తం తగ్గినప్పుడు కిడ్నీ రెండు పనులతో వడపోత నిలుపుకుంటుంది. లోపలికొచ్చే ధమనిని ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లో తయారయ్యే రసాయనాలతో వెడల్పు చేస్తుంది, బయటికి పోయే ధమనిని యాంజియోటెన్సిన్ 2తో బిగిస్తుంది. డైక్లోఫెనాక్ మొదటిదాన్ని ఆపింది. టెల్మిసార్టన్ రెండోదాన్ని ఆపింది. విరేచనాలూ నీరు తీసే మందూ కలిసి రక్తంలో నీటిని ఖాళీ చేశాయి. సెలైన్ ఎక్కించి, మాత్రలు ఆపితే ఆయన కిడ్నీలు కోలుకున్నాయి. అందరికీ అలా కోలుకోవు.

అందుకే అమ్మగారి విషయంలో ఇది రాసి గోడకి అంటించండి: వాంతులు, విరేచనాలు, తిండి నీళ్లు దిగని జ్వరం ఉన్న రోజున డాక్టరుకి ఫోన్ చేసి, బీపీ మాత్ర ఆపాలా అని అడగాలి. ఎక్కువసార్లు మేం ఆపమనే చెప్తాం, మామూలుగా తినడం తాగడం మొదలెట్టి ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ మొదలెట్టమంటాం. జలుబుకీ, మామూలు ఒళ్లునొప్పులకీ ఆపక్కర్లేదు. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వాడొద్దు, పారాసెటమాల్ నయం. ఇంకోటి, విరేచనాలప్పుడు "బీపీ ఉంది కదా, ఉప్పునీళ్లు వద్దు" అని ఓఆర్‌ఎస్ మానేసేవాళ్లున్నారు. ఆ పూట బీపీ సంగతి పక్కనపెట్టి ఓఆర్‌ఎస్ తాగాల్సిందే.

ఇక దగ్గు ఎందుకొచ్చింది. దీని వెనక ఇంకో పెప్టైడ్ ఉంది, పేరు బ్రాడికైనిన్. తొమ్మిది అమైనో ఆమ్లాలు. రక్తనాళాల్ని వదులు చేసి బీపీ తగ్గించే రకం. 1949లో బ్రెజిల్‌లో రోచా ఎ సిల్వా బృందం జరారాకా అనే పాము విషం మీద పనిచేస్తూ దీన్ని కనిపెట్టింది. 1965లో అదే దేశపు సెర్జియో ఫెరీరా ఆ విషంలోని ఒక పదార్థం బ్రాడికైనిన్ని విరగకుండా కాపాడుతుందని చూపించాడు. అది ఏసీఈకి అడ్డుపడుతోందన్నమాట. ఆ దారిలోనే అమెరికాలో కుష్మన్, ఒండెట్టి కాప్టోప్రిల్ తయారు చేశారు, 1981లో అక్కడ అనుమతి వచ్చింది. రామిప్రిల్, ఎనలాప్రిల్ ఆ తరువాతి తరం.

కీలకం ఏమిటంటే, యాంజియోటెన్సిన్ 2ని తయారు చేసే ఏసీఈయే బ్రాడికైనిన్ని విరగ్గొడుతుంది కూడా. రామిప్రిల్‌తో దాన్ని ఆపితే ఒకవైపు యాంజియోటెన్సిన్ తగ్గుతుంది, ఇంకోవైపు బ్రాడికైనిన్ పేరుకుంటుంది. బీపీకి రెండూ మంచివే. కానీ శ్వాసనాళాల్లో పేరుకుంటే గొంతులో గరగరలాడే పొడి దగ్గు. సుమారు పదిమందిలో ఒకరికి వస్తుంది, మన ఆసియా వాళ్లకు ఇంకాస్త ఎక్కువ. టెల్మిసార్టన్ ఏసీఈ జోలికి పోదు, యాంజియోటెన్సిన్ 2 కూర్చునే రిసెప్టారుని పట్టుకుని ఉంటుంది. అందుకే దగ్గు రాదు. మీ డాక్టరు గారు మార్చింది సరైన మార్పు. పాత మాత్ర ఆపిన నెలలోపు దగ్గు సాధారణంగా పోతుంది, కొందరికి మూడు నెలలు కూడా పడుతుంది.

ఇక్కడ రెండు వైపులా పొరపాట్లు చూస్తుంటాను. మాత్రవల్ల వచ్చిన దగ్గుకి సీసాలు సీసాలు సిరప్ తాగించేవాళ్లు ఒకవైపు. "మాత్ర దగ్గేలే" అని రెండు వారాలు దాటినా కఫం పరీక్ష చేయించని వాళ్లు ఇంకోవైపు. మన ప్రాంతంలో టీబీని మరిచిపోకూడదు. మాత్ర మార్చాక కూడా దగ్గు నిలిస్తే, జ్వరమో బరువు తగ్గడమో కూడా ఉంటే, ఎదురుచూడకుండా కఫం పరీక్షకు వెళ్లండి. రామిప్రిల్ రకం మాత్రతో ఎవరికైనా పెదవులు, నాలుక వాచాయంటే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఆ రకం మాత్ర జన్మలో మళ్లీ వేసుకోకూడదు.

ఉప్పు గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. మనం ఉన్నది ఎక్కడ! హుమ్మా ఉప్పు మడుల పక్కన, బరంపురం అప్పడాలకీ పచ్చళ్లకీ పేరుపడ్డ చోట. పొద్దున్న చద్దన్నం, ఒడియా వాళ్ల ఇంట్లో పొఖాళొ, అందులో ఉప్పు, పక్కన ఎండుచేప, ఆవకాయ ముక్క, కాల్చిన అప్పడం. చద్దన్నంలో తప్పేమీ లేదు, దాని చుట్టూ చేరే ఉప్పుతోనే తంటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే ఒక చిన్న చెంచా, కూరలోదీ పచ్చళ్లలోదీ అన్నీ కలిపి.

ఉప్పు బాగా తినేవాళ్లలో కిడ్నీ రెనిన్ తగ్గించేస్తుంది. రెనిన్ తగ్గాక యాంజియోటెన్సిన్ మీద బీపీ అంతగా ఆధారపడదు, ఒంట్లో నిలిచిన నీటి మీద ఆధారపడుతుంది. అలాంటప్పుడు టెల్మిసార్టన్ అడ్డుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. "మాత్ర వేసుకుంటున్నా దిగట్లేదండీ" అని వచ్చిన గోపాల్‌పూర్ పెద్దాయన ఒకరికి నేను మోతాదు పెంచలేదు. ఎండుచేపలు వారానికి ఒకసారికి తగ్గించి, అన్నంలో విడిగా ఉప్పు వేసుకోవడం మానేయమన్నాను. అదే మాత్ర, అదే మోతాదు, ఈసారి పనిచేసింది. ఉప్పు తగ్గించడం వల్ల వచ్చే లాభంతో పాటు, ఈ రకం మాత్రలకు పట్టు కూడా పెరుగుతుంది. నీరు తీసే మందు తోడు చేయడంలో కిటుకూ ఇదే.

ఒక హెచ్చరిక. బజార్లో దొరికే లో-సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టన్ వాడేవాళ్లలో పొటాషియం పేరుకునే గుణం ముందే ఉంది. కిడ్నీ బాగున్నవాళ్లకు ఆ ఉప్పు మంచిదే, కానీ క్రియాటినిన్ చూడకుండా మొదలెట్టొద్దు. కొబ్బరినీళ్లదీ ఇదే సంగతి. కొబ్బరితోటల నడుమ ఉండే ఉద్దానం వాళ్లకి ఇది మరీ మరీ చెప్తాను, ఎందుకంటే అక్కడ షుగర్, బీపీ ఏవీ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు చాలామంది. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చినవాళ్లకి క్రియాటినిన్ చూడకుండా ఈ మాత్ర రాయను.

మాత్ర మొదలెట్టిన రెండు మూడు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ కొంచెం పెరిగితే కంగారు వద్దు, కిడ్నీ లోపలి ఒత్తిడి తగ్గిందని దానర్థం. ముందున్నదానికంటే 30 శాతానికి మించి పెరిగినా, పొటాషియం 5.5 దాటినా మందు గురించి మళ్లీ ఆలోచించాలి.

ఇప్పుడు తగ్గించే వైపు హార్మోన్లు. గుండె కేవలం పంపు అనే చాలామంది అనుకుంటారు, 1981 దాకా వైద్యులూ దాదాపు అలాగే అనుకున్నారు. ఆ ఏడాది కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ బృందం ఎలుక గుండె పైగదుల కణజాలపు సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కిస్తే, అవి ఉప్పూ నీళ్లూ ధారగా విసర్జించాయి, బీపీ దిగింది. ఆ పదార్థమే ఏఎన్‌పీ, 28 అమైనో ఆమ్లాల పెప్టైడ్. చెరువు నిండితే అలుగు పారినట్టు, రక్తం ఎక్కువై గుండె గదులు సాగితే ఇది బయటికొస్తుంది. కిడ్నీ చేత ఉప్పు వదిలిస్తుంది, నాళాల్ని వదులు చేస్తుంది, రెనిన్నీ ఆల్డోస్టిరాన్నీ అణుస్తుంది. యాంజియోటెన్సిన్ ఏది కడితే ఇది దాన్ని విప్పుతుంది.

దీని తోబుట్టువు బీఎన్‌పీ. 1988లో పంది మెదడులో మొదట దొరికింది, కానీ ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లోనే. ఆయాసంతో వచ్చినవాళ్లకి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని రక్తపరీక్ష రాస్తాం, అది దీనికి సంబంధించిందే. ఆయాసం గుండెదా, ఊపిరితిత్తులదా తేల్చడానికి బాగా పనికొస్తుంది. వయసు, కిడ్నీ జబ్బు అంకెని పెంచుతాయి, ఊబకాయం తగ్గిస్తుంది, కాబట్టి రిపోర్టు చూసి ఇంట్లోనే తీర్పు చెప్పుకోకండి. బీపీ ఒక్కటే ఉండి ఆయాసం, కాళ్లవాపు లేనివాళ్లకు ఈ పరీక్ష అనవసరం.

ఈ మంచి హార్మోన్లని విరగ్గొట్టే ఎంజైమ్ పేరు నెప్రిలైసిన్. దానికి అడ్డుపడే సకుబిట్రిల్‌ని టెల్మిసార్టన్ రకానికే చెందిన వల్సార్టన్‌తో కలిపి గుండె బలహీనమైన వాళ్లకి ఇస్తున్నాం, అమెరికాలో దీనికి 2015లో అనుమతి వచ్చింది. నెప్రిలైసిన్ బ్రాడికైనిన్ని కూడా విరగ్గొడుతుంది. అందుకే దీన్ని రామిప్రిల్ రకంతో కలిపి ఎప్పుడూ ఇవ్వకూడదు, ఒకటి ఆపి ఇంకోటి మొదలెట్టడానికి 36 గంటల ఎడం ఉండాలి. ఇంట్లో పాత మాత్రలు మిగిలి ఉంటే పెద్దవాళ్లు రెండూ వేసేసుకుంటారు, తీసి పారేయండి.

వాసోప్రెసిన్ గురించి క్లుప్తంగా. మెదడులో తయారై, దాని అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి నుంచి విడుదలవుతుంది, తొమ్మిది అమైనో ఆమ్లాలు. కిడ్నీలో నీటిని పట్టి ఉంచడం దీని రోజువారీ పని. ఎక్కువగా రక్తం పోయినప్పుడు నాళాల్ని గట్టిగా బిగిస్తుంది. మామూలు బీపీ జబ్బులో దీని పాత్ర చిన్నది. ఐసీయూలో మాత్రం, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోయినప్పుడు, బీపీ పెంచే నోరాడ్రినలిన్ మందు చాలకపోతే దీన్నే డ్రిప్పులో ఎక్కిస్తాం. రక్తనాళాల గోడల్లోనే పుట్టే ఎండోథెలిన్ కూడా బిగించే పెప్టైడే, 1988లో జపాన్‌లో కనిపెట్టారు. దానికి అడ్డుపడే మందులు ఊపిరితిత్తుల బీపీకి ఎప్పటినుంచో ఉన్నాయి. అమ్మగారికి వీటితో పనిలేదు.

పరీక్షల సంగతి. యాంజియోటెన్సిన్ ఎంత ఉందో కొలిచి మందు రాసే పద్ధతి లేదు. నిమిషంలో విరిగిపోయేదాన్ని కొలవడం కష్టం, కొలిచినా మామూలు బీపీలో నిర్ణయం మారదు. పనికొచ్చే హార్మోన్ పరీక్ష ఒకటుంది, ఆల్డోస్టిరాన్-రెనిన్ నిష్పత్తి. మూడు మందులు, అందులో నీరు తీసేది ఒకటి, సరైన మోతాదులో వాడినా బీపీ దిగకపోతే, పొటాషియం తక్కువగా ఉంటే, చిన్న వయసులోనే బీపీ వస్తే అది చేయించాలి. అడ్రినల్ గ్రంథి తనంతట తాను ఆల్డోస్టిరాన్ పోస్తున్నవాళ్లు అలా దొరుకుతారు, కొందరికి ఆపరేషన్‌తో నయమవుతుంది కూడా. 2025లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ వైద్యుల సంఘం) బీపీ ఉన్న అందరికీ ఈ పరీక్ష సూచించింది. మన దగ్గర ఖర్చూ, నమూనా భువనేశ్వర్‌కో విశాఖకో పంపడంలో ఉన్న శ్రమా చూస్తే, ఒక్క మాత్రతో బీపీ దిగిన 58 ఏళ్ల ఆవిడకి నేను ముందుగా రాయను. చేయించేటట్టయితే టెల్మిసార్టన్ ఫలితాన్ని మారుస్తుంది, రాసిన డాక్టరుకి మందుల పేర్లన్నీ చెప్పాలి.

మీ ఇంట్లో పెళ్లయిన ఆడపిల్లలు ఎవరైనా బీపీకి ఈ రకం మాత్రలు వాడుతుంటే ఒక మాట. కడుపులో బిడ్డ కిడ్నీలు తయారు కావడానికి యాంజియోటెన్సిన్ కావాలి. రామిప్రిల్ గానీ టెల్మిసార్టన్ గానీ గర్భంలో వాడకూడదు. బిడ్డ కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుతో చెప్పి లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వాటికి మారాలి. నెల తప్పాక మూడో నెల దాకా ఎవరూ అడగలేదని అదే మాత్ర వేసుకుంటూ వచ్చిన అమ్మాయిని చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఈ ఒక్క ముక్క దయచేసి నలుగురికీ చెప్పండి.

చివరగా నాన్నగారు. ఆయన వయసు 66 అని, బీపీ 160 దాకా ఉంటోందని, మూత్రం సరిగ్గా రావట్లేదంటున్నారని రాశారు. వయసు పైబడేకొద్దీ రెనిన్ తగ్గుతుంది, అందుకే షుగర్ లేని పెద్దవాళ్లకి మొదట ఎక్కువగా ఆమ్లోడిపిన్ లాంటివి రాస్తాం. అది హార్మోన్ల దారిలో కాకుండా నేరుగా రక్తనాళాల కండని వదులు చేస్తుంది. మూత్రం అడ్డుపడి కిడ్నీ మీద ఒత్తిడి ఉంటే టెల్మిసార్టన్ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంట్లో మాత్ర ఉంది కదా అని అమ్మగారి పట్టీలోంచి తీసి ఇవ్వకండి. ఈ వారంలోనే ఆయన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి క్రియాటినిన్, పొటాషియం, మూత్రపరీక్ష, కడుపు స్కాన్ చేయించండి. స్కాన్‌లో మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో కూడా చూడమనండి. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూపించండి. ఆ కాగితాలు వచ్చాక ఇక్కడే రాయండి, ఏ మందు అడగాలో అప్పుడు మాట్లాడుకుందాం.